పాత భవనం కిట్ గీసేటప్పుడు: నీటి దారి ముందు, లేజర్ గీత తర్వాత

"హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే అసలు సైజులో 87వ వంతున, చెక్క గోడల గోదాము నమూనా కిట్ గీసి లేజర్‌తో కోయించాను. రంగు వేయగానే గోడలు వంగుతున్నాయి. కట్టడం పూర్తయ్యాక చూస్తే పాత భవనంలా లేదు, ఒట్టి మురికి పట్టినట్టుంది. డిజైన్‌లో ఏం మార్చాలి?" అని అడిగారు.

రెండిటికీ మూలం ఒకటే. కట్టడమంతా అయ్యాక చివర్లో చేసే పని అనుకుని వెదరింగ్‌ను (నమూనా ఎండావానలకు పాతబడినట్టు చూపించడాన్ని) పక్కన పెట్టేశారు. నిజానికి ఏ ముక్క విడిగా ఉండాలి, దేనికి ముందు రంగు పడాలి, గోడ వెనక ఊతగా అంటించే బద్ద ఎక్కడ రావాలి అన్నవన్నీ వెదరింగ్ వరసను బట్టే తేలతాయి. అందుకే అది డ్రాయింగ్ దశలోనే మొదలవ్వాలి.

ముందు నాలుగు గోడల ఎలివేషన్లూ (ఎదురుగా చూస్తే కనిపించే గీతబొమ్మలు) కాగితం మీద అచ్చు తీసి, పెన్సిల్‌తో నీటి దారి గీయండి. గట్టర్ (వాన నీటి కాలువ) లేని చూరు నుంచి పడే వాన నేల మీద చిట్లి గోడ అడుగున సుమారు 30 సెం.మీ. ఎత్తు వరకు కొడుతుంది. హెచ్‌ఓలో అది 3.5 మి.మీ. పట్టీ. అక్కడ రంగు ముందుగా పోతుంది, మట్టి మరక నిలుస్తుంది. సరిగ్గా చూరు కింద ఉన్న రెండు మూడు పలకలకు మాత్రం ఎండా వానా తగలవు కనుక పాత రంగు అక్కడ మిగిలే ఉంటుంది. కిటికీ గడప మీద పడ్డ నీరు దాని రెండు కొసల నుంచి కారుతుంది కాబట్టి చారలు కొసల కిందే రావాలి. ఇనుప బందు ఉన్న చోట తుప్పు చార దాని కిందకే దిగాలి. గట్టర్ అతుకు కారే చోట ఒక్క నల్లని చార చాలు. సరుకు తలుపు మీద చేతులు తగిలే ఎత్తు 1 నుంచి 1.2 మీటర్లు, అంటే 11–14 మి.మీ. ఆ పట్టీలో రంగు అరిగి చెక్క బయటపడుతుంది. ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు గోడ వెలిసిపోతుంది, ఉత్తరం గోడ తడి నిలుపుకుని నాచు పడుతుంది. మీ గోదాము మురికిగా అనిపించడానికి కారణం ఇక్కడే ఉంది: ఒకే వాష్ (పలుచని రంగు నీళ్లు) నాలుగు గోడలకూ ఒకే మోతాదులో పడింది. ఏ మరకైనా ఎక్కడి నుంచి వచ్చిందో కంటికి తెలిసినప్పుడే అది వయసులా కనిపిస్తుంది.

ఈ నీటి పటం ముక్కల విభజన కూడా చెప్పేస్తుంది. వేరే రంగు ఉన్నది, వేరే పదార్థమైనది, నీరు ఆగే అంచు ఉన్నది, ఇవి మూడూ విడి ముక్కలు కావాలి. మూల పట్టీలు, కిటికీ చట్రాలు, గడపలు, తలుపు, పునాది అన్నీ గోడ నుంచి విడిగా గీయండి. గోడ మీదే చెక్కిన కిటికీ చట్రానికి వేరే రంగు వేయబోతే అంచు వంకర పోతుంది. ఆ వంకర దాచడానికి వాష్ ఎక్కువ పోస్తారు, మళ్లీ మురికి మొదలు.

స్కేల్ లెక్కల దగ్గర కొంచెం ఆగాలి. హెచ్‌ఓ అంటే 1:87, అంటే అడుగుకు 3.5 మి.మీ. స్టడ్డుల (పలకలను మేకులతో బిగించే నిలువు చెక్కల) దూరం 16 అంగుళాలైతే మేకుల వరసల మధ్య 4.67 మి.మీ., 24 అంగుళాలైతే 7 మి.మీ. ఈ దూరం తప్పితే ఎందుకో చెప్పలేకపోయినా గోడ నకిలీగా అనిపిస్తుంది. మేకు తల 10 మి.మీ. అనుకున్నా స్కేల్‌లో 0.11 మి.మీ. మాత్రమే. లేజర్ చుక్క దాదాపు ఎప్పుడూ అంతకంటే పెద్దదే, కాబట్టి మేకు గుర్తులను తక్కువ పవర్‌తో పెట్టండి, అన్ని పలకలకూ పెట్టకండి. ఇటుక గోడలో మాత్రం అదృష్టం మన వైపు ఉంది. ఇటుకల మధ్య 10 మి.మీ. సిమెంటు గీత కూడా 0.11 మి.మీ. అవుతుంది, లేజర్ సన్నగా చెక్కే గీత దానికి దగ్గరగా ఉంటుంది. ఇక రంగు పొర: 0.05 మి.మీ. మందం అంటే అసలు భవనంలో 4 మి.మీ. దాటిన పూత. పెచ్చులు ఊడినట్టు చూపించాలంటే రంగు పలుచగా ఉండటం ఎంత అవసరమో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ఇప్పుడు వంగడం గురించి. బాస్‌వుడ్ (ఇలాంటి కిట్లకు వాడే మెత్తని చెక్క) తడి పీల్చినప్పుడు గ్రెయిన్‌కు, అంటే చెక్క నారకు, అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు కదలదు. ఒక్క ముఖానికే నీటి రంగు వేస్తే ఆ ముఖం ముందు ఉబ్బి, ఆరాక రంగుతో పాటు కుంచించుకుంటుంది. రెండో ముఖం అలాగే ఉండిపోతుంది. పలక వంగక ఏం చేస్తుంది! క్లాప్‌బోర్డ్ (ఒకదాని అంచు మీద ఒకటి పడేలా వేసే అడ్డ పలకల) గోడలో గ్రెయిన్ అడ్డంగా పోతుంది కాబట్టి బద్దలు నిలువుగా ఉండాలి. 1.6 మి.మీ. గోడకు 3 మి.మీ. చదరపు బద్దలు 40–50 మి.మీ.కి ఒకటి చొప్పున వేయండి. వాటి స్థానాలు గోడ వెనక వైపు తేలికగా చెక్కించండి. కిటికీ రంధ్రం నుంచి కనీసం 2 మి.మీ. వదలకపోతే అద్దం అంటించడానికి చోటుండదు. మూలల్లో పక్క గోడ మందం కూడా వదలాలి. గ్రెయిన్‌కు అడ్డంగా ఉన్న 0.6 మి.మీ. పట్టీ షీటు నుంచి తీయగానే విరుగుతుంది. సన్నని పట్టీలన్నీ గ్రెయిన్ వెంటే పెట్టండి, కిటికీలను 0.4 మి.మీ. లేజర్‌బోర్డ్‌లో (లేజర్ కోతకు వాడే పలుచని గట్టి అట్టలో) కోయించండి.

కోత వెడల్పును కొలవకుండా అంచనా వేయకండి. 100 మి.మీ. పట్టీని 10 సమాన ముక్కలుగా గీసి కోయించి, ముక్కలు దగ్గరగా చేర్చి కొలవండి. తగ్గినదాన్ని 10తో భాగిస్తే ఒక కోత వెడల్పు వస్తుంది. చెక్క మందాన్ని కూడా కాలిపర్‌తో కొలవాలి, 1.6 అని రాసిన షీటు 1.5 ఉండొచ్చు. మందం 1.55, కోత 0.15 అయితే గాడిని 1.40 గీస్తే బిగుతుగా కూర్చుంటుంది. కానీ మన ముక్కలు రంగు వేసుకుని వస్తాయి కనుక 1.45–1.50 గీయండి. ఈ చిన్న వెసులుబాటు లేకే రంగేసిన ముక్కలు గాడిలోకి దిగక, తోసేసరికి మూలలు చితుకుతాయి. కోత అంచుల మసిని ఉప్పు కాగితంతో ఒక్కసారి రుద్దమని సూచనల్లో రాయండి. మసి మీద జిగురు సరిగా పట్టదు, స్టెయినూ (చెక్కలోకి ఇంకే పలుచని రంగు) దిగదు. పీవీసీ షీటును మాత్రం లేజర్ కింద ఎప్పుడూ పెట్టకండి. దాన్నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ఊపిరితిత్తులకూ యంత్రానికీ చేటు.

రంగు వరస ఇలా పెట్టుకోండి. ఉక్కు తీగల బ్రష్‌తో గ్రెయిన్ వెంట మాత్రమే గీకి, పీచు దులిపి, బద్దలు అంటించండి. జిగురులోనూ నీరుంటుంది, అందుకే ఆరేవరకు గాజు పలక కింద బరువు పెట్టాలి. తర్వాత 500 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 5 నుంచి 10 మి.లీ. ఇండియా ఇంక్ (నల్ల సిరా) కలిపి రెండు ముఖాలకూ ఒకేసారి పూయండి. 70 శాతం ఆల్కహాల్ కంటే 91 శాతం మేలు, నీరు తక్కువ కాబట్టి వంపూ తక్కువ. నల్లగా కావాలంటే చిక్కగా కలపవద్దు, పలుచనిదే మళ్లీ పూయండి. జిగురు పడ్డ చోట స్టెయిన్ పట్టదు, తెల్ల మచ్చ మిగులుతుంది. కట్టకముందే స్టెయిన్ వేయమనడానికి ఇదే పెద్ద కారణం.

ఊడిన పెచ్చులకు నాకు నచ్చిన పద్ధతి టేపు. పూర్తిగా ఆరిన స్టెయిన్ మీద మినరల్ టర్పెంటైన్ పూసి, మెరుపు పోయేవరకు ఆగి, పలుచని యాక్రిలిక్ వేయాలి. కొద్ది నిమిషాల్లో వేలికి అంటని స్థితి వస్తుంది. అప్పుడు టేపు ఒత్తి లాగితే పెచ్చులుగా లేస్తుంది. తొందరపడితే మొత్తం ఊడుతుంది, ఆలస్యమైతే అసలు లేవదు. నీటి పటంలో గుర్తు పెట్టిన అడుగు పట్టీ మీద గట్టిగా ఒత్తండి, చూరు కింద టేపు తగలనివ్వకండి. కిటికీలు తెరిచిన గదిలో చేయండి. హెయిర్‌స్ప్రే పొర మీద రంగు వేసి నీటితో లేపే పద్ధతి రెజిన్, ప్లాస్టిక్ ముక్కలకు బాగుంటుంది. సీల్ చేయని చెక్క దాన్ని పీల్చేస్తుంది.

కిట్‌లో 3డి ప్రింటెడ్ ముక్కలు పెట్టేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 0.05 మి.మీ. పొరల గీతలు రంగు కింద కనబడకపోయినా, వాషూ రంగు పొడీ పడగానే తేలతాయి. కనిపించే ముఖాలున్న ముక్కలను 0.025–0.03 మి.మీ. పొరతో తీయించండి. పోత రెజిన్ ముక్కలను సబ్బు నీళ్లతో కడగమని రాయండి. ప్లాస్టర్ పునాదిని స్టెయిన్‌కు ముందు నీటితో తడపాలి, లేకపోతే మొదటి చుక్క పడ్డ చోటే నల్ల మచ్చ నిలిచిపోతుంది.

పైకప్పు విషయం చిన్నదే. తారు కాగితం చుట్ట వెడల్పు 36 అంగుళాలు, అంటే 10.5 మి.మీ. పట్టీలు. చూరు దగ్గర మొదలుపెట్టి పైకి, పై పట్టీ కింది పట్టీ మీద పడేలా వేయాలి. రేకుల కప్పయితే 8 అడుగుల రేకు 28 మి.మీ. రేకుకొక తేడా రంగు, తుప్పు అతుకుల దగ్గర. గోడ మీది పాత ప్రకటనలను పలుచని కాగితంపై అచ్చేసి ఇవ్వండి. వెనక వైపు సన్నని ఉప్పు కాగితంతో అరగదీసి, నీళ్లు కలిపిన తెల్ల జిగురుతో అంటిస్తే పలకల సందుల్లోకి ఒదుగుతుంది. పారదర్శక షీటుకు సూపర్ గ్లూ వద్దని పెద్ద అక్షరాల్లో రాయండి, ఆవిరికి అద్దం తెల్లబడుతుంది.

మ్యాట్ వార్నిష్ మీద ఆల్కహాల్ వాష్ పోస్తే చాలాసార్లు తెల్లగా పాలిపోతుంది. మళ్లీ పలుచగా వార్నిష్ కొడితే సాధారణంగా సర్దుకుంటుంది. రంగు పొడులు వార్నిష్ కింద సగానికి సగం మాయమవుతాయి, అందుకే పొడి చివర, దాని పైన ఏమీ వద్దు.

సూచనల పుస్తకానికి ముక్కలకు పెట్టినంత శ్రద్ధ పెట్టండి. ప్రతి రంగు దశకూ ఒక ఫోటో ఉండాలి, మీ నీటి పటం కూడా అందులో అచ్చవ్వాలి. ముక్కలు గీయని మనిషి చేత ఒకసారి కట్టించి, అతను ఎక్కడ ఆగి ఆలోచించాడో అక్కడ సూచన మార్చండి. కిటికీలు రెండు అదనంగా పెట్టండి, విరిగేవి అవే.

ఇప్పటికే కోయించి, వంగిన గోడలను పారేయకండి. లోపలికి వంగిన ముఖాన్ని తడి స్పాంజితో తేలికగా అద్ది, రెండు గాజు పలకల మధ్య రాత్రంతా బరువు పెట్టండి. చదునుగా రాగానే, మళ్లీ గాలికి వదలకుండా, నిలువు బద్దలు అంటించేయండి.