హై ఎంట్రోపీ మిశ్రలోహమైతే చాలు, ఆక్సీకరణను తట్టుకుంటుందా?

ఐదు లోహాలను సమపాళ్లలో కరిగించి చేసిన హై ఎంట్రోపీ మిశ్రలోహానికి స్థిరత్వం ఎక్కువ కాబట్టి, 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో, గాలిలో, అది ఆక్సీకరణను తేలికగా తట్టుకుంటుందా, ఎంటెక్ ప్రాజెక్టుకు ఆ కోవకే చెందిన కాంటర్ మిశ్రలోహాన్ని ఎంచుకోవచ్చా అని మీరు అడిగారు. ఇలాంటి నమూనాలను కొలిమిలో పెట్టి, తీసి, తూచి, కోసి చూసే పనిలో నేను కొన్నేళ్లు గడిపాను. ఎంట్రోపీ, అంటే పరమాణువులు కలగలిసిపోయిన తీరుకు కొలత, లోహాన్ని ఆక్సిజన్ బారి నుంచి కాపాడదనీ, కాపాడవలసింది ఉపరితలం మీద ఏర్పడే ఆక్సైడ్ పొరేననీ ఆ పనిలో నాకు స్పష్టంగా తెలిసింది.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. ఐదు లోహాలు సమాన పరమాణు నిష్పత్తిలో కలిసినప్పుడు వచ్చే మిశ్రమ ఎంట్రోపీ ఒక మోల్‌కు, ఒక కెల్విన్‌కు సుమారు 13.4 జౌళ్లు. 1000 డిగ్రీల దగ్గర దానివల్ల మిశ్రలోహానికి కలిగే స్థిరత్వం మోల్‌కు 17 కిలోజౌళ్లు మాత్రమే. అదే వేడిలో ఒక మోల్ ఆక్సిజన్ అల్యూమినియంతో కలిస్తే స్వేచ్ఛాశక్తి (ఎంత తగ్గితే చర్య అంత బలంగా ముందుకు సాగుతుంది) సుమారు 850 కిలోజౌళ్లు, క్రోమియంతో కలిస్తే సుమారు 530 కిలోజౌళ్లు తగ్గుతుంది. అంత బలమైన ఆకర్షణను 17 కిలోజౌళ్లు ఆపలేవు.

ఇక మీరు అనుకుంటున్న కాంటర్ మిశ్రలోహం సంగతి. క్రోమియం, మాంగనీస్, ఇనుము, కోబాల్ట్, నికెల్ సమపాళ్లలో ఉండే ఈ లోహాన్ని 2004లో బ్రయాన్ కాంటర్ బృందం ప్రకటించింది. అదే ఏడాది తైవాన్‌లో జియెన్-వెయ్ యే బృందం ఈ తరగతికి హై ఎంట్రోపీ అనే పేరు పెట్టింది. దీనిలో 20 శాతం క్రోమియం ఉంది కదా, క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడి రక్షిస్తుందని మొదట నేనూ అనుకున్నాను. పొర ఏర్పడే మాట నిజమే, కానీ మాంగనీస్ దానిని దాటుకొని చాలా వేగంగా బయటికి వచ్చేస్తుంది. 600 నుంచి 900 డిగ్రీల మధ్య పైన మందంగా పెరిగేది మాంగనీస్ ఆక్సైడే, క్రోమియం ఆక్సైడ్ దాని అడుగున పలచగా ఉండిపోతుంది. మాంగనీస్ ఖాళీ అయిన చోట లోహంలో రంధ్రాలు మిగులుతాయి. అందువల్ల 900 డిగ్రీలకు ఈ లోహాన్ని నేను సిఫారసు చేయను. ఆర్క్ మెల్టింగ్‌లోనే, అంటే విద్యుత్ ఆర్క్‌తో లోహాలను కరిగించేటప్పుడే, మాంగనీస్ కొంత ఆవిరైపోతుంది కనుక, దీనితోనే పని చేయక తప్పకపోతే కరిగించిన తర్వాత ఏ లోహం ఎంత శాతం ఉందో తప్పకుండా కొలవండి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసినవి టంగ్‌స్టన్, మాలిబ్డినం, నియోబియం, టాంటలం వంటి అధిక ద్రవీభవన లోహాలతో చేసిన మిశ్రలోహాలు. 2010లో అమెరికా వైమానిక దళ పరిశోధన సంస్థకు చెందిన సెంకోవ్ బృందం వీటిని వెలుగులోకి తెచ్చింది; ఈ నాలుగింటి మిశ్రలోహం 1600 డిగ్రీల వద్ద కూడా 400 మెగాపాస్కల్‌కు పైగా బలం చూపించింది. అయితే ఆ పరీక్షలు శూన్యంలో చేసినవి. గాలి తగిలితే కథ మారిపోతుంది. మాలిబ్డినం ట్రైఆక్సైడ్ 795 డిగ్రీలకే కరిగి ఆవిరవుతుంది, నియోబియం ఆక్సైడ్ తాను పుట్టిన లోహం కంటే దాదాపు 2.7 రెట్ల చోటు ఆక్రమించి పొరను చీల్చేస్తుంది.

మాలిబ్డినం, నియోబియం ఉన్న ఒక నమూనాను నేను 1000 డిగ్రీల వద్ద 20 గంటలు ఉంచాను. తూచి చూస్తే బరువులో దాదాపు తేడా లేదు. మంచి ఫలితమని నోటుబుక్కులో రాసుకొని, మర్నాడు ఉదయం ట్యూబ్ ఫర్నేస్ చల్లని చివరను శుభ్రం చేస్తుండగా, గోడకు అంటుకొని లేత పసుపు రంగు సూదుల్లాంటి స్ఫటికాలు కనిపించాయి. అది నా నమూనాలోని మాలిబ్డినమే. ఆక్సిజన్ చేరడం వల్ల పెరిగిన బరువు, ఆక్సైడ్ ఆవిరి కావడం వల్ల తగ్గిన బరువు ఒకదానినొకటి రద్దు చేసుకున్నాయి. నమూనాను కోసి చూస్తే లోపల చాలా లోతు దాకా పగుళ్లు, రంధ్రాలు ఉన్నాయి. ఆ రోజు నుంచి అడ్డుకోత చూడకుండా ఏ ఫలితాన్నీ నేను నమ్మలేదు.

అల్యూమినియం కలిపితే ఆశ ఉంది. అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, చాలా నెమ్మదిగా పెరుగుతుంది, లోహానికి సుమారు 1.28 రెట్ల చోటే తీసుకుంటుంది. అయితే అల్యూమినియం చాలినంత లేకపోతే క్రోమియం ఆక్సైడ్ పొర కింద ముక్కలు ముక్కలుగా అల్యూమినా, అల్యూమినియం నైట్రైడ్ ఏర్పడి ఆగిపోతాయి. మరీ ఎక్కువైతే లోహం పెళుసెక్కుతుంది. అధిక ద్రవీభవన లోహాల విషయంలో టాంటలం, మాలిబ్డినం, క్రోమియం, టైటానియం, అల్యూమినియం కలిపిన మిశ్రలోహం మీద జర్మనీ పరిశోధకులు చేసిన పని చదవండి. అందులో క్రోమియం టాంటలేట్ అనే సంయుక్త ఆక్సైడ్ పలుచని రక్షణ పొరగా నిలుస్తుంది. టాంటలం స్థానంలో నియోబియం పెడితే ఆ మేలు తగ్గిపోతుంది.

మీ ప్రాజెక్టుకు మాంగనీస్ లేకుండా అల్యూమినియం, కోబాల్ట్, క్రోమియం, ఇనుము, నికెల్ మిశ్రలోహాన్ని రెండు మూడు అల్యూమినియం పాళ్లలో తీసుకోండి. అన్ని నమూనాలనూ ఒకే నంబరు ఎమెరీ కాగితంతో రుద్దండి, నమూనాలను ఉంచే అల్యూమినా క్రూసిబుళ్లను (మూసలను) ముందుగా కాల్చి బరువు స్థిరపడ్డాకే వాడండి. వేడిచేసి చల్లార్చే చక్రాలు కూడా పెట్టండి, ఎందుకంటే నిలకడైన వేడిలో అంటిపెట్టుకున్న పొర చల్లారేటప్పుడు పెచ్చులూడిపోవచ్చు. క్రూసిబుల్‌లో రాలిన ఆ పెచ్చుల బరువును నమూనా బరువుతో కలపకుండా పట్టికలో వేరే వరుసలో రాసుకోండి.