ఫైల్ ముందు జేబులో ఉండాలె, సర్వర్ తర్వాత

ఇంట్లో హార్డ్‌డిస్క్ నిండా ఉన్న పాటలు, ఆడియో పుస్తకాలు ఊరికి పోయినప్పుడు ఫోన్‌లో వినాలంటే క్లౌడ్‌లో పెట్టాల్నా, ఇంట్లోనే సర్వర్ (ఎప్పుడూ ఆన్‌ల ఉండి మన ఫైళ్ళను నెట్ మీద అందించే కంప్యూటర్) నడపాల్నా అని అడిగిన్రు. హనుమకొండలో ఆరేండ్ల నుంచి ఇంట్లో సర్వర్ నడుపుతున్న మనిషిగా చెప్తున్న: సర్వర్ పెట్టండి, కానీ దాన్ని నమ్ముకొని రైలెక్కకండి. వినాలనుకున్న ఫైల్ ఫోన్‌లోకి దిగినంకనే గడప దాటాలె. ఈ మాట నాకు మంచిర్యాలలో ఒక రాత్రి తెలిసొచ్చింది.

మా బాపు దగ్గర ఒక టూ ఇన్ వన్, అంటే రేడియో, క్యాసెట్ రికార్డర్ కలిసిన డబ్బా, ఉండేది. మా ఇంట్లో మల్లన్న దేవునికి రంగుల ముగ్గు పట్నం వేసి కొలిచిన రాత్రి ఒగ్గోళ్ళు (డోలు కొట్టుకుంట మల్లన్న కథ చెప్పేటోళ్ళు) చెప్పిన కథంతా బాపు దాంట్లో రికార్డు చేసిండు. అరవై నిమిషాల క్యాసెట్లు మూడు. డోలు గట్టిగ మోగినప్పుడల్లా మాట మునిగిపోతది, మధ్యమధ్యల కుక్క మొరుగుతది, ఎవరో పసిపిల్ల ఏడుస్తది. రెండో క్యాసెట్ రెండో వైపు, గొల్ల కేతమ్మ కథ నడుస్తుండంగ, వెనక నుంచి మా తాత గొంతు వినిపిస్తది: "ఏమే, కథోళ్ళకు చాయ్ తేవే, గొంతులు ఎండుకపోతున్నయ్." అంతే. తాత పోయి చాన ఏండ్లయింది. ఆయన గొంతు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు.

ఆ క్యాసెట్లను మొదట ఒక దుకాణంలో ఇచ్చి డిజిటల్ చేయించిన. ఆ దుకాణపాయన తాత మాటను డిస్టర్బెన్స్ అనుకొని కోసేసి, కథను శుభ్రం చేసి ఇచ్చిండు. కుక్క లేదు, పిల్ల లేదు, తాత లేడు. పైసలు తీసుకొని మరీ తీసేసిండు. అసలు క్యాసెట్లు పారెయ్యలేదు కాబట్టి బతికిపోయిన. మళ్ళీ నేనే కూర్చొని మూడు గంటలు ఎక్కించుకున్న. నాయిస్ రిమూవల్ అంటే ఎగబడేటోళ్ళకు చెప్తున్న, ఇంటి రికార్డింగుల జోలికి దాన్ని రానియ్యకండి. శుభ్రం చేసిన కాపీ కావాలంటే వేరేగ చేసుకోండి, అసలుది అట్లనే ఉండనియ్యండి.

పోయినేడాది వానకాలం బాపమ్మకు మంచిర్యాలలో మోతిబిందు ఆపరేషన్ చేయించిన్రు. చిన్నబాపు వాళ్ళ క్వార్టర్‌లో ఉంటున్నది. కంటికి మూత, టీవీ చూడొద్దన్నరు. నేను చూసొద్దామని కాజీపేటలో రైలెక్కిన. జమ్మికుంట దాటేదాకా ఇంటి సర్వర్ నుంచే పాటలు వింటున్న, మంచిగనే వస్తున్నయి. పెద్దపల్లి కాడ వాన మొదలైంది. రామగుండం దాటి గోదారి బ్రిడ్జి మీదికి వచ్చేసరికి పాట ఆగింది. సిగ్నల్ పోయిందనుకొని ఫోన్ జేబులో పెట్టిన.

రాత్రి బువ్వ తిన్నంక బాపమ్మ అడిగింది, "బిడ్డా, మీ తాత చాయ్ అడిగిన కథ పెట్టరాదు." నేను మస్తు ధీమాగ ఫోన్ తీసిన. సిగ్నల్ నిండుగ ఉన్నది గని సర్వర్ దొరుకుతలేదు. పది నిమిషాలు చూసి కింది పోర్షన్ అక్కకు ఫోన్ చేసిన.

"అక్కా, జర మా కిటికీల నుంచి టార్చి కొట్టి చూస్తవా, లాప్‌టాప్ ఆన్‌ల ఉన్నదా?"

"సాయంత్రం గంట సేపు కరెంటు పోయింది తమ్మీ. ఇప్పుడొచ్చింది. నెట్ డబ్బా లైట్లు మెరుస్తున్నయి గని నీ లాప్‌టాప్ నల్లగ ఉన్నది."

తాళం చెవి నా జేబులో, నేను మంచిర్యాలలో. మా సర్వర్ అంటే పాత లాప్‌టాప్. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు పోతే ఆగుద్ది, మళ్ళీ వస్తే రూటర్ లేచినట్టు అది లేవదు, మనిషి వచ్చి బటన్ నొక్కాలె. ఆ సంగతి నాకు తెల్వక కాదు, పట్టించుకోలేదు. బాపమ్మ ఏమనలేదు. "పోనీ తియ్ బిడ్డా" అని పక్కకు తిరిగి పడుకున్నది. ఆ మూడు గంటల కథను మాటకు సరిపడే 64 కేబీపీఎస్ నాణ్యతల, మోనోలో (ఒకే చానల్) పెడితే తొంబై ఎంబీ కూడా కాదు. నా ఫోన్‌లో 128 జీబీ ఉన్నది. అయినా ఆ రాత్రి ఆమెకు వినిపియ్యలేకపోయిన. ఇప్పటికీ గుర్తొస్తే మనసు పిండినట్టయితది.

తెల్లారి చిన్నబాపు డ్యూటీ నుంచి వచ్చిండు. సంగతి విని అల్మారాలో నుంచి పాత బటన్ల ఫోన్ తీసిండు. దాంట్లో మెమరీ కార్డు. అయిదేండ్ల కింద నేనే ఆయనకు ఈ కథ ఎక్కించి ఇచ్చిన్నట, నాకు యాది కూడా లేదు. ఛార్జింగ్ పెట్టి, స్పీకర్ పెంచి బాపమ్మ దిండు పక్కన పెట్టినం. నెట్ లేదు, యాప్ లేదు, పాస్‌వర్డ్ లేదు. తాత మాట రాంగనే బాపమ్మ పెదవులు కదిలినయి. "తెస్తున్నగదా" అన్నది మెల్లగ.

ఇగ మీ ప్రశ్నకొస్త. ఇప్పుడు నేను చేసేది ఇది. లాప్‌టాప్ తీసేసి రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటర్ పెట్టిన. పది వాట్లు కూడా తినదు, కరెంటు రాంగనే తనంతట తనే లేస్తది. డెస్క్‌టాప్ ఉన్నోళ్ళు బయోస్‌లో (కంప్యూటర్ లేచేటప్పుడే తెరిచే సెట్టింగుల జాగ) కరెంటు తిరిగొస్తే ఆన్ కావాలనే సెట్టింగ్ వెతుక్కోండి. రూటర్‌కు, దీనికి కలిపి చిన్న యూపీఎస్ పెట్టిన. సర్వర్ సాఫ్ట్‌వేర్ పాటలకు నావిడ్రోమ్, కథలకు ఆడియోబుక్‌షెల్ఫ్, రెండూ ఉచితమే. కథలకు వేరేది ఎందుకంటే, ఎక్కడ ఆపినమో అది గుర్తు పెట్టుకుంటది. ఫోన్‌లో సగం విని ఇంటికొచ్చి కంప్యూటర్‌లో అక్కడి నుంచే వినొచ్చు. ఇంట్లో ఒక్కొక్కరికి వేరే ఖాతా ఇస్తే ఒకరి గుర్తు ఇంకొకరిది చెరపదు. పాటల ప్లేయర్‌లో పది గంటల పుస్తకం వినేటోళ్ళ ఓపికకు దండం.

బయటి నుంచి ఇంటికి చేరే దారి గురించి చాలామంది పోర్ట్ ఫార్వర్డింగ్ చెయ్యమంటరు, అంటే బయటి నుంచి సర్వర్‌కు రూటర్‌లో ఒక తలుపు తెరవమంటరు. మా దగ్గర అది నడవలేదు. మాకు కనెక్షన్ ఇచ్చినోళ్ళు చాన ఇండ్లకు కలిపి ఒకే ఐపీ (నెట్ మీద అడ్రసు) వాడుతున్నరు, సీజీన్యాట్ అంటరు దాన్ని. అడిగితే మాకొక్కళ్ళకే మారకుండ ఉండే స్టాటిక్ ఐపీకి వేరే పైసలన్నరు. మా సొంత పాట మేం వినడానికి నెలనెలా ఇంకో బిల్లు ఎందుకు కట్టాలె? మీ రూటర్‌లో వ్యాన్ ఐపీ (కనెక్షన్ వైపు అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్యల మొదలైతే మీదీ అదే కథ. దీనికి టెయిల్‌స్కేల్ అనే యాప్ సరిపోతది. ఇంటి మిషన్‌లో, ఫోన్‌లో రెండింట్లో పెట్టి ఒకే ఖాతాతో లాగిన్ అయితే ఆ రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టు మాట్లాడుకుంటయి, రూటర్‌లో ఏ తలుపూ తెరవనక్కర లేదు. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు: దాంట్లో మామూలుగ 180 రోజులకు కీ (లాగిన్) గడువు తీరుద్ది, ఇంటి మిషన్‌కు ఆ గడువు ఆపేసి పెట్టుకోండి.

క్లౌడ్ వద్దని అంటలేను. ఇల్లు మునిగినా, డిస్క్ పోయినా ఇంకో కాపీ ఉండాలె. 2020లో వరంగల్ కాలనీల్లోకి నీళ్ళొచ్చినంక నాకు ఆ భయం గట్టిగ పట్టుకున్నది. గూగుల్ డ్రైవ్‌లో 15 జీబీ ఉచితం, మెయిళ్ళు ఫొటోలు కూడా దాంట్లోనే అనుకోండి, అయినా ఖాళీగ ఉంటే మాట రికార్డింగులు అయిదు వందల గంటలు పడతయి. కానీ అది దాచుకునే జాగ. ఇక నెలకింత కట్టి వినే యాప్‌లలో డౌన్‌లోడ్ చేసుకున్నం కదా అనే ధీమా అసలే వద్దు, కట్టుడు ఆపిన నాడు ఆ డౌన్‌లోడ్లకూ తాళం పడతది. పైగా మన ఒగ్గు కథలు, బతుకమ్మ పాటలు, అవ్వలు చెప్పిన సంగతులు వాటిల్ల ఎన్ని ఉన్నయి? తెలుగులో ఆడియో పుస్తకాలు లేవని బాధపడేటోళ్ళు వినండి, ఒగ్గు కథ కళాకారులు చుక్క సత్తయ్య, మిద్దె రాములు తెల్లవార్లూ నిలబడి చెప్పిన కథలు ఆడియో పుస్తకాలు కాక ఏంది?

ఫోన్ కొనేటప్పుడు మెమరీ కార్డు స్లాట్ ఉన్నది చూసి కొంటున్న. పోను పోను అవి దొరకకుండ పోతున్నయి, కంపెనీలకు ఎందుకంత పగనో. ఊరికి బయలెల్లే ముందు ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫైల్ మొదట కొంత, మధ్యల కొంత, చివర కొంత వింటున్న. మీరూ అట్లనే చెయ్యండి. ఫైల్ సగమే దిగి ఆగిపోయిందన్న సంగతి మొదటి నిమిషం వింటే తెలువదు.

ఇంట్లో క్యాసెట్లుంటే సర్వర్ కన్నా ముందు వాటి పని చూడండి. క్యాసెట్ వెనక అంచుకు రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటయి, విరిచెయ్యండి, పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా చెరిగిపోదు. చాన ఏండ్లు కదలని టేపును మొదట ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పండి. టేపు మీద తెల్లగ బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టకండి, తెలిసినోళ్ళకు చూపించండి. ప్లేయర్ హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు ఒక ఆక్స్ వైరు, రికార్డు చేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్, ఇంతే ఖర్చు. గంట క్యాసెట్‌కు గంట పడతది. ఆ గంట పక్కన ఇంట్లో పెద్దోళ్ళను కూర్చోపెట్టుకోండి, మధ్యల వినిపించే గొంతులు ఎవరివో వాళ్ళకే తెలుస్తది. అడిగి ఫైల్ పేరులోనే రాసి పెట్టండి.