పార్టీ కంటే బలమైన ఎన్‌పీసీ మీద ప్లేయర్లు గొణుగుతుంటే ఏం చేయాలి

ముందు ఆ ఎన్‌పీసీని (ప్లేయర్లు కాకుండా ఆట నడిపేవాళ్ళు ఆడించే పాత్ర) చంపే ఆలోచన పక్కన పెట్టండి. మీ లెవెల్ 4 పార్టీ (ప్లేయర్ల పాత్రల గుంపు) వెంట తిరిగే ముసలి విజార్డ్, అదే మాంత్రికుడి గురించి ఇద్దరు ప్లేయర్లు "అన్నీ ఆయనే చేసేస్తే ఇక మేమెందుకు" అన్నారు, వచ్చే సెషన్‌లో డ్రాగన్‌కి బలిచ్చేస్తే గొడవ వదిలిపోతుందా అని కదా అడిగారు. దాదాపు ఇదే చిక్కులో నేను రెండు నెలలు తంటాలు పడ్డా, అందుకే జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది ఆన్‌లైన్ గ్రూప్, డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాత్రలు వేసుకుని డైస్‌తో కథ ఆడే ఆట) ఐదో ఎడిషన్, నేను డీఎం, అంటే ఆట నడిపేది నేనే, నలుగురు ప్లేయర్లు, అందరం తెలుగువాళ్ళమే, ఆదివారం రాత్రి ఆడతాం. పార్టీ లెవెల్ 3లో ఉండగా నాగయ్య తాత అని ఒక పాత మాంత్రికుణ్ణి తెచ్చా, కొత్తగా స్టాట్స్ (పాత్ర బలాబలాల అంకెలు) రాసే టైం లేక 2014 మాన్‌స్టర్ మాన్యువల్ పుస్తకంలో ఆర్చ్‌మేజ్ అనే మహా మాంత్రికుడివి ఉన్నవున్నట్టు దించేశా, అంటే ఛాలెంజ్ రేటింగ్ (ఎంత గట్టి ప్రత్యర్థో చెప్పే అంకె) 12, 18వ లెవెల్ స్పెల్‌కాస్టర్. మూడో సెషన్‌లో ఎనిమిది గాబ్లిన్లు చుట్టుముట్టాయి, క్లెరిక్ (దైవశక్తితో గాయాలు మాన్పే పాత్ర) పడిపోయింది, నాకు భయమేసి తాత చేత కోన్ ఆఫ్ కోల్డ్ అనే చలి మంత్రం వేయించేశా. 8డీ8 డ్యామేజ్, అంటే ఎనిమిది ముఖాల డైస్ ఎనిమిది, సగటున 36, సేవ్ (దెబ్బ తగ్గించుకోవడానికి వేసే డైస్) గెలిస్తే 18, గాబ్లిన్‌కి ఉండేదే 7 హిట్ పాయింట్లు, అవి అయిపోతే పడిపోతుంది. ఒక్క టర్న్‌లో ఫైట్ అయిపోయింది. అందరూ ఊపిరి పీల్చుకుంటారనుకున్నా, ఒక్కరూ మాట్లాడలేదు, బార్బేరియన్ (ముందుండి కొట్టే యోధుడు) ఆడే ఫ్రెండ్ మైక్ మ్యూట్ చేసేసుకున్నాడు. ఆ తర్వాత ప్రతి తలుపు దగ్గరా, ప్రతి దారి చీలిక దగ్గరా "తాతనడుగుదాం" తప్ప ఇంకో మాట లేదు. చివరికి ఆ బార్బేరియన్ ఫ్రెండే మెసేజ్ పెట్టాడు: "ఆ గాబ్లిన్ల కోసం అరగంట ప్లాన్ వేసుకున్నాం రా, నీ కథ నువ్వే ఆడేసుకున్నావ్."

చాలా బాధేసింది. కానీ అప్పుడు నేను చేసింది ఇంకా పెద్ద తప్పు, ఎవరితోనూ మాట్లాడకుండా తర్వాతి సెషన్‌లో తాతకి శాపం తగిలి మంత్రాలు పోయాయని చెప్పేశా. ఇది వాళ్ళ కంప్లైంట్ వల్లే అని అందరికీ అర్థమైపోయింది, క్లెరిక్ ఆడే అమ్మాయి ఏడుపు గొంతుతో "నాకు తాతంటే ఇష్టం, ఆయన్నెందుకు ఇలా చేశావ్" అంది. మీరు డ్రాగన్‌తో చేద్దామనుకుంటున్నది సరిగ్గా ఇదే.

అప్పుడు ఒక ఆదివారం ఆట ఆపేసి ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేశా. నాలుగు ఫోన్లలో నాలుగు వేరు వేరు మాటలు విన్నా. బార్బేరియన్‌కి ఫైట్‌లో తన టర్న్‌కి విలువ లేదని కోపం. క్లెరిక్‌కి తాత కబుర్లు కావాలి, ఫైట్‌లో మాత్రం వద్దు. బార్డ్ ఆడేవాడిది లాజిక్ ప్రశ్న, ఇంత పెద్ద మాంత్రికుడు ఉండగా ఊరు మమ్మల్ని ఎందుకు పంపుతుంది అని. రోగ్ మాత్రం ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు, వాడి భయం ఏంటంటే తాత ఎప్పుడో ఎదురు తిరుగుతాడు, అప్పుడు మేం చేయగలిగింది ఏమీ ఉండదు అని! వీటిలో తాత బలం తగ్గిస్తే తీరేది ఒక్కటీ లేదు.

శాపం నేను తొందరపడి పెట్టిందని టేబుల్ ముందే ఒప్పుకుని తీసేశా. తాత ఊరి ఆనకట్ట దగ్గర ఉండిపోయాడు, అది కూలకుండా ఒక మంత్రపు కట్టు నిలబెడుతున్నాడు, అది కాన్సన్‌ట్రేషన్ స్పెల్, అంటే ధ్యాస నిలిపినంతసేపే ఉండే మంత్రం, అక్కణ్ణుంచి కదిలితే పోతుంది, ఆయన 8, 9 లెవెల్ స్లాట్లు (పెద్ద మంత్రాలు వేయడానికి రోజుకి ఉండే లెక్క) రోజూ దానికే పోతాయి. ఇది నేను అల్లుకున్నదే, పుస్తకంలో లేదు. దీంతో బార్డ్ ప్రశ్న తీరిపోయింది. మిగిలిన ఏడో లెవెల్ స్లాట్ రోజుకి ఒక్కటే, దాంతో టెలిపోర్ట్ (క్షణంలో దూరానికి చేర్చే మంత్రం) ఎప్పుడు వేయించాలో పార్టీ ఇష్టానికి వదిలేశా, పుస్తకం ప్రకారం వేసినవాళ్ళూ వెళ్ళాలి, కానీ తాత ఉండిపోయి పార్టీని మాత్రం పంపేలా మార్చుకున్నా, వెళ్ళడానికి వాడుకుంటే తిరిగి నడిచి రావాలి, దీని మీద వాళ్ళు గంటసేపు వాదించుకుంటుంటే నేను ఊరికే వింటూ కూర్చున్నా, నాకు ఎంత సంతోషమేసిందో. రోగ్‌కి మాత్రం తాత ఎప్పటికీ మోసం చేయడని ఆట బయటే సూటిగా చెప్పేశా. ఒక ట్విస్ట్ పోయింది, పోతే పోనీ, రెండు నెలలుగా ఆ కుర్రాడు హాయిగా ఆడలేదు.

లెవెల్ 6లో ట్రోల్స్ ఆనకట్ట మీదకొచ్చాయి. తాతకి దెబ్బ తగిలితే ఆ కట్టు నిలబడాలంటే కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) సేవ్ వేయాలి, 10 లేదా డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే అంత రావాలి. ఫెయిలైతే ఊరు మునుగుతుంది. ఆ సేవ్‌లు నేను వేయలేదు, డైస్ క్లెరిక్ చేతికిచ్చా. బార్బేరియన్ తాత ముందు అడ్డంగా నిలబడి "ముసలాయన జోలికొస్తే ఊరుకోను" అని మైక్‌లో అరిచాడు.

కాబట్టి ఈ వారం మీ గొణిగే ఇద్దరితోనే కాదు, ఏమీ అనకుండా కూర్చున్నవాళ్ళతో కూడా విడిగా మాట్లాడండి. వాళ్ళేమన్నారో ఇక్కడ రాయండి, ఆ విజార్డ్‌ని ఎక్కడ కూర్చోబెట్టాలో అప్పుడు చూద్దాం.