ప్రశ్న - జవాబు: తిరుగుళ్లు ముగించి బెర్లిన్ ఉద్యోగానికి

ప్రశ్న: ఏడాదిపైగా వియత్నాం, ఇండోనేషియా, జార్జియా తిరుగుతున్నాను. బెర్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఖాయమైంది. ఇప్పుడున్న జార్జియా రాజధాని టిబిలిసీ నుంచే వీసాకు పెట్టుకుని నేరుగా వెళ్లిపోవచ్చా? పాస్‌పోర్టులో ఒక్క పేజీయే ఖాళీ ఉంది.
- ఓ పాఠకుడు, కాకినాడ

జవాబు: కుదరదు. జర్మనీ ఉద్యోగ వీసాకు మీరు నివాసం ఉంటున్న దేశంలోనే దరఖాస్తు పెట్టాలి. టూరిస్టుగా ఉండటం నివాసం కిందికి రాదు. ఇండియాకు రావాల్సిందే.

రాగానే పాస్‌పోర్టు సంగతి చూడండి. వీసాకు కనీసం రెండు ఖాళీ పేజీలు కావాలి. రీ-ఇష్యూకు కారణం అడిగిన చోట పేజీలు అయిపోయాయన్నది ఎంచుకోండి. 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, 60 పేజీలదానికి 2,000. తత్కాల్ అయితే ఇంకో 2,000. మీ తిరుగుడు చూస్తే 60 పేజీలదే నయం. కొత్త నంబరు చేతికొచ్చాకే జర్మనీ కాన్సులర్ పోర్టల్‌లో దరఖాస్తు మొదలుపెట్టండి. కంపెనీ నింపి ఇచ్చే ఉద్యోగ ధ్రువీకరణ ఫారంలో పాత నంబరు ఉంటే దాన్ని మళ్లీ రాయించుకోవాల్సి రావచ్చు.

వీసా ఫీజు 75 యూరోలు. బ్లూ కార్డుకు, అంటే నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతికి, 2025లో కనీస వార్షిక జీతం 48,300 యూరోలు, ఐటీ లాంటి, పనివారి కొరత ఉన్న రంగాలకు 43,759.80. ఈ అంకె ఏటా జనవరిలో మారుతుంది. విదేశీ డిగ్రీలకు జర్మనీలో గుర్తింపు ఉందో లేదో చూపే అనాబిన్ జాబితాలో మీ డిగ్రీని చూసుకునేటప్పుడు కాలేజీ పేరు కాదు, పట్టా ఇచ్చిన యూనివర్సిటీ పేరు వెతకండి. డిగ్రీ ఉంటే రెజ్యూమెలో ఏడాది ఖాళీ అడ్డం కాదు. డిగ్రీ లేకుండా ఐటీ అనుభవం మీద బ్లూ కార్డుకు వెళ్లేవారు మాత్రం గడిచిన ఏడేళ్లలో మూడేళ్ల అనుభవం చూపాలి. తిరిగిన కాలం ఆ ఏడేళ్లలోంచే పోతుంది.

ప్రశ్న: బెర్లిన్‌లో మొదటి నెల హాస్టల్లో ఉండి, నిదానంగా ఇల్లు వెతుక్కుంటే ఇబ్బందేమిటి? ఇన్నాళ్లూ అలాగే ఉన్నాను.
- అదే పాఠకుడు

జవాబు: ప్రయాణంలో పనికొచ్చిన ఈ అలవాటే అక్కడ మిమ్మల్ని ఇరికిస్తుంది. జర్మనీలో మిగతా పనులన్నీ చిరునామా తర్వాతే. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా బ్యూర్గర్‌అమ్ట్ అనే పౌర కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. దీన్నే అన్‌మెల్డుంగ్ అంటారు. అద్దె ఒప్పందం చూపిస్తే చాలదు. మీరు ఫలానా తేదీన దిగారని ఇల్లిచ్చినవారు సంతకం పెట్టిన పత్రం కావాలి. హాస్టళ్లు, టూరిస్టు గదులవాళ్లు మామూలుగా ఇది ఇవ్వరు. వేరొకరి ఇంట్లో గది తీసుకుంటే, అసలు అద్దెదారు ఓనర్‌కు చెప్పకుండా ఇచ్చి ఉంటే, అతనూ సంతకానికి వెనకాడతాడు. అందుకే నమోదుకు పత్రం ఇస్తారా అని డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి. మొదటి రెండు, మూడు నెలలకు అద్దె కాస్త ఎక్కువైనా, ఈ పత్రం ఇచ్చే ఫర్నిష్డ్ ఫ్లాటే మేలు. అపాయింట్‌మెంటు మీ పేటలోనే దొరకాలని లేదు, బెర్లిన్‌లోని ఏ బ్యూర్గర్‌అమ్ట్‌కైనా వెళ్లొచ్చు.

నమోదయ్యాక కొన్ని వారాలకు పదకొండు అంకెల పన్ను నంబరు పోస్టులో వస్తుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. జర్మన్ చిరునామాల్లో సాధారణంగా ఫ్లాట్ నంబరు ఉండదు. పోస్టుమ్యాన్ డబ్బా మీది పేరు చూసి ఉత్తరం వేస్తాడు. మీ పేరు లేకపోతే అది వెనక్కి పోతుంది. దిగిన రోజే పోస్టు డబ్బా మీద, కాలింగ్ బెల్ పక్కన పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంటిపేరు పూర్తిగా రాసి అంటించండి. మనవాళ్లు అలవాటుగా రాసే పొడి అక్షరాలు పనికిరావు. నంబరు అందక జీతం ఆరో పన్ను తరగతి కింద పడితే కోత బాగా ఎక్కువ. తర్వాత సరిచేస్తారు గానీ, కొత్తగా దిగిన నెలలో ఆ డబ్బే చేతిలో ఉండాలి.

ఎందుకంటే ఇంటి అడ్వాన్సు ఉంటుంది. చట్టప్రకారం అది మూడు నెలల మూల అద్దెను మించకూడదు. హీటింగ్, నీటి ఖర్చులు అందులో లెక్కకు రావు. అడ్వాన్సును మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. ఓనర్ విదేశంలో ఉన్నానని, డబ్బు పంపితే తాళం పోస్టులో వస్తుందని ఎవరైనా అంటే, అది మోసమే. ఇల్లు చూడకుండా పైసా పంపొద్దు. ఓనర్లు అడిగే షూఫా క్రెడిట్ రిపోర్టు, అంటే అప్పులు, చెల్లింపుల చరిత్ర, కొత్తవారికి ఉండదు కాబట్టి ఉద్యోగ ఒప్పందం, జీతం తెలిపే కంపెనీ లేఖ చూపండి.

నమోదయ్యాక రేడియో-టీవీ రుసుము ఉత్తరం కూడా వస్తుంది. టీవీ లేకపోయినా ఇంటికి నెలకు 18.36 యూరోలు కట్టాల్సిందే. ఇంట్లో ఇంకొకరు కడుతుంటే వారి రుసుము ఖాతా నంబరు రాసి పంపితే సరిపోతుంది.

ప్రశ్న: ఇండియాలోని బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు సంగతేమిటి?
- ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: ఉద్యోగానికి వెళ్లాక మామూలు సేవింగ్స్ ఖాతా అలాగే ఉంచకూడదు, ఎన్నార్వోగా, అంటే విదేశాల్లో ఉండే భారతీయుల రూపాయి ఖాతాగా మార్పించండి. మన లైసెన్సు జర్మనీలో నివాసం మొదలైన ఆరు నెలల వరకే చెల్లుతుంది. ఆ తర్వాత రాత, డ్రైవింగ్ పరీక్షలు రెండూ పాసవ్వాలి.