పాత హైస్కూలు భవనానికి ప్లాను గీసిందెవరో తేల్చడం ఎలా?

భీమవరం తాలూకాలో మీ బోర్డు హైస్కూలు శిలాఫలకం మీద 1911 అని, ఒక కలెక్టరు పేరు, ఒక కాంట్రాక్టరు పేరు ఉన్నాయన్నారు. ఊళ్లో పెద్దలు కాటన్ దొర కట్టించాడంటున్నారు, ఇంకొకరు మద్రాసు ప్రభుత్వ ఆర్కిటెక్టుగా చేసిన చిజమ్ అంటున్నారు, సావనీర్‌లో ఎవరి పేరు వేయాలి అని అడిగారు. ఈ నాలుగు పేర్లలో ఏదీ ఇప్పుడే వేయకండి.

కాటన్ 1860లోనే ఉద్యోగం వదిలారు. చిజమ్ తర్వాత మద్రాసు ప్రభుత్వ ఆర్కిటెక్టు అయిన హెన్రీ ఇర్విన్ హయాంలో మద్రాసు హైకోర్టు భవనం 1892కే పూర్తయింది, అంటే 1911కి చాలా ముందే చిజమ్ ఆ పదవిలో లేరు. కమానులు, గుమ్మటం కనబడగానే చిజమ్ పేరు, గోదావరి జిల్లా అనగానే కాటన్ పేరు అంటగట్టడం మనకు అలవాటైపోయింది. ఇక శిలాఫలకం చెప్పేది శంకుస్థాపన చేసినవాళ్లు, ప్రారంభించినవాళ్లు, చందా ఇచ్చినవాళ్లు ఎవరన్నదే. బడి పేరునీ నమ్మకూడదు. నర్సాపురం టేలర్ హైస్కూలు ఒక సబ్‌కలెక్టరు పేరు మీద ఉంది.

1884 లోకల్ బోర్డుల చట్టం తర్వాత బోర్డు బడుల ప్లాన్లు ఎక్కువగా బోర్డు ఇంజినీరు ఆఫీసులోనే తయారయ్యేవి. అందుకని ముందు తేల్చాల్సింది ఆ ఏడాది ఆ ఊరు ఏ జిల్లాలో ఉందన్నది. చాలామంది పొరపడేది ఇక్కడే. భీమవరం, నర్సాపురం, తణుకు, ఏలూరు తాలూకాలు 1904 వరకు గోదావరి జిల్లావి, 1904 నుంచి 1925 వరకు కృష్ణా జిల్లావి, ఆ తర్వాత పశ్చిమ గోదావరివి. కాబట్టి 1911 నాటి మీ బడి కాగితాల కోసం కాకినాడలో ఎంత వెతికినా లాభం లేదు, కృష్ణా జిల్లా బోర్డు కింద చూడాలి. అదే కోనసీమ బడి అయితే గోదావరి జిల్లా కిందే ఉంటుంది.

మద్రాసు ప్రభుత్వ జీవోలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ఏడాదివారీ ఇండెక్సుల్లో లోకల్ అండ్ మునిసిపల్, ఎడ్యుకేషనల్, పబ్లిక్ వర్క్స్ శాఖలు మూడూ చూడండి. మంజూరు ముందు, కట్టడం తర్వాత కాబట్టి 1907 నుంచి మొదలుపెట్టండి. ఊరి పేర్లు ఆనాటి ఇంగ్లీషు స్పెల్లింగుతోనే వెతకాలి: ఎల్లోర్ (ఏలూరు), మసూలిపటం (మచిలీపట్నం), కోకనాడ (కాకినాడ), కిస్ట్నా (కృష్ణా). జీవోలో మంజూరు సంగతే ఉండి ప్లాను లేకపోతే, అందులో ఉదహరించిన పాత లేఖల నంబర్లు రాసుకుని వాటినీ అడగండి.

ప్లాను దొరికితే కింద కుడి మూల చూడండి. గీసినవాళ్లు, ట్రేస్ చేసినవాళ్లు, సరిచూసినవాళ్లు, ఆమోదించినవాళ్లు వేర్వేరుగా సంతకాలు చేసి తేదీలు వేస్తారు. అన్నిటికన్నా పెద్ద సంతకం సాధారణంగా ఆమోదించిన అధికారిది, ఆయన్ను రూపకర్త అనడానికి వీల్లేదు. ట్రేసరు నకలు దించినవాడే. అసలు గీత ఎవరిదో ఎస్టిమేటుతో వచ్చిన రిపోర్టులో ఉంటుంది: ఈ డిజైను ఎవరు తయారుచేశారు, ఏ నమూనా ప్లానును అనుసరించారు అని రాస్తారు. పక్క తాలూకాలో ఇలాంటి బడే ఉంటే గదుల వెడల్పు, వరండా, కమాను ఎత్తు రెండుచోట్లా అడుగుల్లో కొలిచి చూడండి. అంకెలు అచ్చంగా కలిస్తే అది నమూనా ప్లానే అయ్యుండొచ్చు, అప్పుడు మీ బడికంటూ ప్రత్యేకంగా ఆర్కిటెక్టు ఉండకపోవచ్చు.

భవనాన్నీ చదవాలి. వరండా దూలాల మీది సున్నం మెల్లగా గీకితే ఇనుము మీద ఉబ్బెత్తుగా ఉన్న తయారీదారు అక్షరాలు బయటపడొచ్చు. టాటా అని ఉంటే ఆ దూలం 1912కి ముందుది కాదు, అంటే మీ వరండా తర్వాత కలిపిందో, దూలం తర్వాత మార్చిందో అయ్యుండొచ్చు. పెంకుల మీది ముద్రను మాత్రం నమ్మకండి. 1996 నవంబరు తుపాను లాంటివాటి తర్వాత పెంకులు మార్చి ఉండొచ్చు.

మిషన్ బడులైతే దారి వేరు. లూథరన్, కెనడియన్ బాప్టిస్టు మిషన్ల వార్షిక నివేదికలు చూడాలి.

సంతకమున్న ప్లానో, రిపోర్టో దొరికితేనే "రూపకర్త" అని పేరు వేయండి. మంజూరు కాగితం మాత్రమే ఉంటే "కృష్ణా జిల్లా బోర్డు నిర్మాణం, 1911" చాలు. రెండింటిలో ఏది వేసినా పక్కనే జీవో నంబరు, తేదీ, శాఖ అచ్చువేయండి.