టీటీపీ పెరిగినా టీఎన్‌ఎఫ్ ఎంఆర్‌ఎన్‌ఏ ఎందుకు తగ్గలేదు? ఫాస్ఫోరైలేషన్ చేసే పని, దాన్ని చూపించే పద్ధతి

మీరు అడిగింది ఇది: ఎలుక మాక్రోఫేజ్‌లకు (రోగనిరోధక కణాలకు) ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పైపొరలోని పదార్థం) ఇస్తే రెండు గంటలకు టీటీపీ (ట్రిస్టెట్రాప్రోలిన్) అనే ప్రోటీన్ బాగా పెరిగింది. టీటీపీ పని టీఎన్‌ఎఫ్ (శరీరంలో మంట, వాపు పుట్టించే ప్రోటీన్) ఎంఆర్‌ఎన్‌ఏను పోగొట్టడం. కానీ ఆ ఎంఆర్‌ఎన్‌ఏ కూడా ఎక్కువగానే ఉంది. ఫాస్ఫోరైలేషన్ (ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలించడం) వల్ల అంటున్నారు, అది నిజమని ఎలా చూపించాలి?

మీ బ్లాట్‌లో (ప్రోటీన్లను జెల్ మీద వేరుచేసి యాంటీబాడీతో చూసే పరీక్షలో) తప్పేమీ లేదు. ఆ సమయంలో మీకు కనబడుతున్న టీటీపీలో ఎక్కువ భాగం ఫాస్ఫేట్ తగిలినదే. ఆ ఫాస్ఫేటే దాన్ని ప్రోటియాసోమ్ (కణంలో ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రం) నోట పడకుండా కాపాడుతుంది, ఆ ఫాస్ఫేటే దాన్ని పని చెయ్యనివ్వదు. కాబట్టి బ్యాండ్ ఎంత లావుగా ఉందో చూసి టీటీపీ ఎంత పని చేస్తోందో చెప్పకూడదు. ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

ముందు అసలు సంగతి. టీఎన్‌ఎఫ్ ఎంఆర్‌ఎన్‌ఏ 3 ప్రైమ్ యూటీఆర్‌లో (ప్రోటీన్‌గా మారని తోకవైపు భాగంలో) ఏయూయూయూఏ ముక్కలు ఒకదానిమీద ఒకటి ఎక్కినట్టు ఉంటాయి. ఇలాంటి ఏయూ వరుసలున్న ఎంఆర్‌ఎన్‌ఏ కణంలో ఎక్కువసేపు నిలవదని 1986లోనే తేలింది. టీటీపీ తన రెండు జింక్ ఫింగర్లతో ఆ వరుసను పట్టుకుంటుంది. పట్టుకోవడం వరకే దాని వంతు, కోసేది అది కాదు. సీసీఆర్4-నాట్ అనే ప్రోటీన్ల గుంపును అక్కడికి రప్పిస్తుంది. ఆ గుంపు పాలీ-ఏ తోకను చివరి నుంచి కొరుక్కుంటూ వస్తుంది. తోక పొట్టిదయ్యాక మిగతా ఎంఆర్‌ఎన్‌ఏ రెండు వైపుల నుంచీ పోతుంది.

ఎల్‌పీఎస్ తగలగానే పీ38 కైనేజ్ (కైనేజ్ అంటే ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్), దాని కింద ఎంకే2 కైనేజ్ మేలుకుంటాయి. ఎంకే2 ఎలుక టీటీపీలో 52, 178 స్థానాల్లో ఉన్న సెరీన్‌లకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది (మనిషి టీటీపీలో ఇవే 60, 186). అప్పుడు 14-3-3 అనే ప్రోటీన్ వచ్చి అతుక్కుంటుంది, సీసీఆర్4-నాట్ రావడం తగ్గిపోతుంది. ఆర్‌ఎన్‌ఏ మీద పట్టు సడలుతుందా అన్నదానిపై ఫలితాలు ఒక్కలా లేవు. కొన్నిట్లో సడలింది, కొన్నిట్లో మారలేదు. డీఅడెనిలేషన్ (పాలీ-ఏ తోకను కొరకడం) ఆగిపోవడం మాత్రం గట్టిగా నిలిచిన విషయం. కోతకూలీలంతా గట్టు మీదికి వచ్చి కూర్చున్నారు, కొడవళ్లు మాత్రం అందలేదు అనుకోండి. మీ రెండు గంటల నమూనా అదే స్థితి.

తర్వాత డీయూఎస్‌పీ1 అనే ఫాస్ఫటేజ్ (ఫాస్ఫేట్ తీసేసే ఎంజైమ్) పీ38ను చల్లారుస్తుంది. ఎంకే2 పని తగ్గేసరికి పీపీ2ఏ అనే మరో ఫాస్ఫటేజ్ టీటీపీ మీది ఫాస్ఫేట్లను తీసేస్తుంది. అప్పటిదాకా పోగుపడిన టీటీపీ అంతా ఒక్కసారిగా పనిలోకి దిగుతుంది, టీఎన్‌ఎఫ్ ఎంఆర్‌ఎన్‌ఏ పడిపోతుంది. టీటీపీ సొంత ఎంఆర్‌ఎన్‌ఏలోనూ ఏయూ వరుసలున్నాయి, కాబట్టి అది తన ఉత్పత్తినీ తానే తగ్గించుకుంటుంది. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి: మంట కావలసినంతసేపు మండాలి, ఆర్పేవాడు మాత్రం ముందే వచ్చి నిలబడి ఉండాలి. ఆర్పేవాడే లేకపోతే ఏమవుతుందో 1996లో టీటీపీ లేని ఎలుకల్లో కనబడింది. అవి చిక్కి శల్యమయ్యాయి, కీళ్లు వాచాయి. ప్రధాన కారణం టీఎన్‌ఎఫ్ ఎక్కువవడమే. 2015లో ఆ రెండు సెరీన్‌లనూ అలనీన్‌గా మార్చిన ఎలుకలు వచ్చాయి. వాటిలో టీటీపీ మొత్తం తక్కువే ఉంటుంది, అయినా ఎల్‌పీఎస్ షాక్‌ను అవి తట్టుకున్నాయి. మీ ప్రశ్నకు దీన్ని మించిన సాక్ష్యం లేదు.

ఇక ప్రయోగం. మొదట చూపాల్సింది మీ బ్యాండ్ పైకి జరగడానికి కారణం ఫాస్ఫేటేనని. టీటీపీ లెక్క ప్రకారం 34 కిలోడాల్టన్ల దగ్గర ఉండాలి, ఎల్‌పీఎస్ తర్వాత 40 దాటి పొగలా సాగుతుంది. లైసేట్‌ను (కణాలను పగలగొట్టి తీసిన ద్రవాన్ని) రెండు ట్యూబుల్లోకి పంచి, ఒకదాంట్లో లాంబ్డా ఫాస్ఫటేజ్ 400 యూనిట్లు, 1 మిల్లీమోలార్ మాంగనీస్ క్లోరైడ్ వేసి 30 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచండి. రెండోదాన్ని ఎంజైమ్ లేకుండా అంతే సేపు అదే వేడిలో ఉంచాలి. ఈ లైసేట్‌లో ఈడీటీఏ, ఫ్లోరైడ్, వెనడేట్ ఏవీ ఉండకూడదు, ప్రోటియేజ్ ఇన్‌హిబిటర్లు మాత్రం ఉండాలి. మిగతా బ్లాట్‌లకు వాడే లైసేట్‌లో ఇందుకు విరుద్ధంగా సోడియం ఫ్లోరైడ్ 10 మిల్లీమోలార్, బీటా గ్లిసెరోఫాస్ఫేట్ 10 మిల్లీమోలార్, వెనడేట్ 1 మిల్లీమోలార్ తప్పనిసరి. వెనడేట్ ముఖ్యంగా టైరోసీన్ ఫాస్ఫటేజ్‌లకే పనిచేస్తుంది. ఇక్కడ మీకు భయం పీపీ2ఏతో, అందుకని క్యాలిక్యులిన్ ఏ 100 నానోమోలార్ కూడా వెయ్యండి. లేకపోతే ఐసు మీద పెట్టినా ఫాస్ఫేట్లు పోవచ్చు.

ఫాస్-ట్యాగ్ జెల్ (ఫాస్ఫేట్ ఉన్న ప్రోటీన్‌ను వెనక్కి పట్టి వేరుచేసేది) వాడితే నమూనాలో ఈడీటీఏ ఉండకూడదు, అది మాంగనీస్‌ను లాగేసి లేన్లను వంకర చేస్తుంది. ట్రాన్స్‌ఫర్‌కు ముందు జెల్‌ను 10 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న ట్రాన్స్‌ఫర్ బఫర్‌లో 10 నిమిషాల చొప్పున రెండుసార్లు నానబెట్టి, తర్వాత ఈడీటీఏ లేని బఫర్‌లో ఒకసారి కడగాలి. ఈ పని మానేస్తే ప్రోటీన్ జెల్‌లోనే ఉండిపోతుంది. ఈ జెల్‌లో ల్యాడర్ చూసి కిలోడాల్టన్లు చదవకండి, అవి నిజం కావు.

రెండోది, ఎంఆర్‌ఎన్‌ఏ ఎంత త్వరగా పోతోందో కొలవడం. రా 264.7 కణాలను (ల్యాబ్‌లో పెంచే ఎలుక మాక్రోఫేజ్‌లను) ముందు రోజే పరిచి ఉంచండి. ప్రయోగం రోజున మీడియం మార్చకండి. చల్లటి మీడియం, కొత్త సీరం కూడా పీ38ను లేపుతాయి. ఎల్‌పీఎస్‌ను పది రెట్ల గాఢతలో కలుపుకుని, అదే మీడియంలో చివరికి 100 నానోగ్రాములు ప్రతి మిల్లీలీటరుకు వచ్చేలా వెయ్యండి. రెండు గంటలకు సగం వెల్‌లకు డీఎంఎస్‌ఓ, సగం వెల్‌లకు పీ38ను ఆపే ఎస్‌బీ203580 10 మైక్రోమోలార్. వెంటనే అన్నిటికీ యాక్టినోమైసిన్ డీ (కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపే మందు) 5 మైక్రోగ్రాములు ప్రతి మిల్లీలీటరుకు. 0, 15, 30, 60 నిమిషాలకు నేరుగా వెల్‌లోనే ట్రైజాల్ (ఆర్‌ఎన్‌ఏ తీసే ద్రావణం) పొయ్యాలి.

పీ38 ఆగిందో లేదో చూడటానికి ఫాస్ఫో-పీ38 బ్లాట్ చేస్తుంటారు. అది తప్పు కంట్రోల్. ఎస్‌బీ203580 పీ38 చేసే పనిని ఆపుతుంది గాని దాని మీద ఫాస్ఫేట్ పడకుండా ఆపదు, ఆ బ్యాండ్ పెరిగినా పెరగవచ్చు. ఫాస్ఫో-ఎంకే2 చూడండి. మోతాదు పెంచుకుంటూ పోతే ఆ మందు కేసీన్ కైనేజ్ 1, రిప్2 లాంటి వాటినీ తాకుతుంది. అందుకే వేరే రసాయన కుటుంబానికి చెందిన మరో పీ38 ఇన్‌హిబిటర్‌తో ఫలితం మళ్లీ రావాలి.

సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏ నుంచి చేసే డీఎన్‌ఏ ప్రతి) తయారీకి ఆలిగో-డీటీ (పాలీ-ఏ తోకకు అతికే ప్రైమర్) వాడకండి. మీరు కొలుస్తున్నదే తోక పొట్టిదయ్యే ఎంఆర్‌ఎన్‌ఏ. తోక పోయినదాన్ని ఆలిగో-డీటీ పట్టుకోలేదు, కాబట్టి అసలు కంటే త్వరగా పోయినట్టు కనబడుతుంది. ర్యాండమ్ హెక్సామర్లు (ఎక్కడైనా అతికే పొట్టి ప్రైమర్లు) వాడి, 18ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏతో సరిపోల్చండి. 0 నిమిషాల విలువను 1గా తీసుకుని, సహజ లాగరిథమ్‌ను కాలానికి ఎదురుగా గీస్తే వచ్చే వాలులో మైనస్ గుర్తు వదిలేస్తే మిగిలేది కే. 0.693ను కేతో భాగిస్తే సగకాలం వస్తుంది. ఇన్‌హిబిటర్ పడిన వెల్‌లలో సగకాలం స్పష్టంగా తగ్గాలి. తగ్గకపోతే ఇంట్రాన్‌లో పడే ప్రైమర్లతో ప్రీ-ఎంఆర్‌ఎన్‌ఏ కొలిచి, యాక్టినోమైసిన్ నిజంగా పనిచేసిందో లేదో చూడండి. గంట దాటిన పాయింట్లకు నేనైతే విలువివ్వను. యాక్టినోమైసిన్ వల్ల డీయూఎస్‌పీ1 కూడా కొత్తగా తయారవదు, పీ38 ఆరకుండా ఉండిపోతుంది, అప్పుడు మీరు చూసేది మామూలు కణం ప్రవర్తన కాదు.

మ్యుటెంట్లు చేయాలనుకుంటే 52, 178 రెండూ అలనీన్ చేసిన రూపం నమ్మదగినది. దాని ప్రోటీన్ తక్కువగా కనబడుతుంది, ప్లాస్మిడ్ చెడిపోయిందని పారేయకండి. ఫాస్ఫేట్ రక్షణ లేక త్వరగా పోతుంది, అంతే. సెరీన్‌ను ఆస్పార్టేట్ చేసి ‘ఎప్పుడూ ఫాస్ఫేట్ ఉన్నట్టే’ అని రాయడం మాత్రం వద్దు. 14-3-3 గూడు నిజమైన ఫాస్ఫేట్‌నే పట్టుకుంటుంది, ఆస్పార్టేట్‌తో సరిపెట్టుకోదు. జెల్ షిఫ్ట్‌తో ఆర్‌ఎన్‌ఏ పట్టు చూసేటప్పుడు కూడా బఫర్‌లో ఈడీటీఏ వెయ్యకండి, జింక్ ఊడిపోయి ఫింగర్లు విప్పుకుంటాయి.

ఇదే పద్ధతిని వేరే ప్రోటీన్లకు గుడ్డిగా పెట్టకండి. కేఎస్‌ఆర్‌పీ (ఏయూ వరుసను పట్టుకునే మరో ప్రోటీన్) విషయంలో పీ38 692వ స్థానంలోని థ్రియోనీన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తే తగ్గేది ఏయూ వరుస మీద పట్టే. అక్కడ ఆర్‌ఎన్‌ఏ ఇమ్యునోప్రెసిపిటేషన్ (ప్రోటీన్‌ను యాంటీబాడీతో లాగి, వెంట వచ్చిన ఆర్‌ఎన్‌ఏను కొలవడం) జవాబు చెబుతుంది. టీటీపీకి అదే చేస్తే తేడా కనబడక ‘ఫాస్ఫేట్ ప్రభావం లేదు’ అని రాసేసే ప్రమాదం ఉంది. టీటీపీని లాగి, దాని వెంట సీసీఆర్4-నాట్‌లోని నాట్1 ఎంత వచ్చిందో చూడండి. లైసేట్‌లో ఆర్‌ఎన్‌ఏజ్ వేసి ఒకసారి, వెయ్యకుండా ఒకసారి చెయ్యాలి. లేకపోతే రెండూ ఒకే ఆర్‌ఎన్‌ఏ మీద కూర్చుని కలిసి వచ్చాయేమోనన్న అనుమానం మిగిలిపోతుంది.