టెక్ సందేహాలు: గ్రాఫ్‌లో వాన గీత ఎక్కడికి పోయింది?

ప్రశ్న: సార్, డిగ్రీ ప్రాజెక్టు కోసం మా జిల్లాలో ఏటా కురిసిన వాన, వేరుశనగ వేసిన విస్తీర్ణం ఎక్సెల్‌లో ఎక్కించాను. గ్రాఫ్ గీస్తే విస్తీర్ణం ఒక్కటే కనిపిస్తోంది. వాన గీత అడుగున అతుక్కుపోయింది. సబ్మిషన్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. (ఒక విద్యార్థిని, అనంతపురం)

జవాబు: కంగారుపడకండమ్మా, అంకెలు పోలేదు. అనంతపురంలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. విస్తీర్ణం హెక్టార్లలో లక్షలు దాటుతుంది. రెండింటికీ ఎడమవైపు ఒకే స్కేలు ఉంటే లక్షల పక్కన వందలు కనబడవు. వానకు కుడివైపు వేరే స్కేలు ఇవ్వాలి. ఎడమది ప్రైమరీ యాక్సిస్, కుడిది సెకండరీ యాక్సిస్.

గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి ‘చేంజ్ చార్ట్ టైప్’లోకి వెళ్లండి. జాబితా చివర ‘కాంబో’ ఉంటుంది. విస్తీర్ణానికి ‘క్లస్టర్డ్ కాలమ్’, వానకు ‘లైన్’ ఎంచుకుని, వాన ఎదురుగా ‘సెకండరీ యాక్సిస్’ గడిలో టిక్ పెట్టండి. కాలేజీ ల్యాబ్‌లో 2013 కంటే పాత ఎక్సెల్ ఉంటే కాంబో కనిపించదు. అప్పుడు గీత మీద రైట్ క్లిక్ చేసి ‘ఫార్మాట్ డేటా సిరీస్’లో మార్చుకోవాలి. గీత మౌస్‌కు దొరకకపోతే, పైన ఫార్మాట్ ట్యాబ్‌లో ఎడమ చివరి జాబితా నుంచి దాని పేరు ఎంచుకోండి. రెండింటినీ కాలమ్స్‌గానే ఉంచితే మాత్రం ఒకదాని మీద ఒకటి పడి వెనకది దాక్కుంటుంది.

ఇంత చేసినా గీత సున్నా దగ్గరే ఉందా? గడుల్లో ‘480 మి.మీ.’ అని టైప్ చేశారేమో చూడండి. అక్షరాలు కలిస్తే ఎక్సెల్ దాన్ని అంకెగా తీసుకోదు. గడిలో అంకె మాత్రమే ఉంచి, కొలత పేరు యాక్సిస్ టైటిల్‌లో రాయండి.

ఇక అసలు జాగ్రత్త పడాల్సింది స్కేలు దగ్గర. కుడి స్కేలును 400 నుంచి మొదలుపెడితే ఓ మోస్తరుగా తగ్గిన వాన కూడా ఘోరమైన కరువులా కనిపిస్తుంది. గీత కాలమ్స్‌ను ఎక్కడ తాకిందన్నది కూడా మనం పెట్టుకున్న స్కేలును బట్టే మారుతుంది. దాని మీద ప్రాజెక్టులో ఒక్క వాక్యం కూడా రాయకండి. రెండు స్కేళ్లూ సున్నా నుంచే మొదలవ్వాలని నేను గట్టిగా చెబుతాను. ఎడమవైపు 0 నుంచి 5 లక్షలకు లక్ష చొప్పున, కుడివైపు 0 నుంచి 1000కి 200 చొప్పున పెట్టారనుకోండి, రెండువైపులా ఐదేసి భాగాలు వచ్చి అడ్డగీతలు సరిపోతాయి. మీ అంకెలు అంతకు మించితే భాగాల లెక్క చెడకుండా పెంచుకోండి. ఎడమ స్కేలు ‘డిస్‌ప్లే యూనిట్స్’లో 100000 ఎంచుకుంటే అంకెలు లక్షల్లోనే చూపిస్తుంది.

మీ అంకెలు 2022 తర్వాతి సంవత్సరాలకు కూడా ఉంటే ఇంకో మాట. ఆ ఏడాది ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. అప్పటి నుంచి అనంతపురం విస్తీర్ణం తగ్గినట్టు కనిపిస్తే రైతులు పంట మానేశారని రాసేయకండి. రెండు జిల్లాల అంకెలు కలిపి చూపండి, లేదా 2021 దగ్గర ఆపేయండి. ఏడాది మొత్తం వానకు బదులు జూన్, జులై వాన తీసుకుంటే ఇంకా బాగుంటుంది. ఖరీఫ్ వేరుశనగ విత్తేది ముఖ్యంగా అప్పుడే. సెప్టెంబరులో ఎంత కురిసినా, అప్పటికి విత్తకుండా వదిలేసిన చేను ఆ లెక్కలోకి రాదు.

ప్రశ్న: కుడివైపు అంకెలు అడ్డంగా ఉన్నాయని డిలీట్ కొట్టాను. గీత మళ్లీ కింద పడిపోయింది. (ఒక ఉపాధ్యాయుడు, కడప)

జవాబు: ఆ యాక్సిస్ తీసేస్తే గీత ఎడమ స్కేలుకే వెళ్లిపోతుంది. కంట్రోల్ జెడ్ నొక్కండి. అంకెలు దాచాలంటే ‘ఫార్మాట్ యాక్సిస్’లో ‘లేబుల్ పొజిషన్’ను ‘నన్’ చేస్తే చాలు. కానీ అంకెల్లేని స్కేలును పిల్లలు ఎలా చదువుతారు సార్? దాచేకంటే, అంకెలకు గీత రంగే వేయండి. ఏది దేనిదో వాళ్లకు చూడగానే తెలుస్తుంది.

ప్రశ్న: కర్నూలు యార్డుకు రోజూ వచ్చే ఉల్లి క్వింటాళ్లలో, ధర రూపాయల్లో రాసుకుంటున్నాను. గూగుల్ షీట్స్‌లో రెండు స్కేళ్లు వస్తాయా? (ఒక కమీషన్ వ్యాపారి)

జవాబు: వస్తాయి. చార్ట్ ఎడిటర్‌లోని ‘సెటప్’లో ‘కాంబో చార్ట్’ పెట్టి, ‘కస్టమైజ్’లో ‘సిరీస్’ తెరవండి. ధరను ఎంచుకుని, యాక్సిస్ దగ్గర ‘రైట్ యాక్సిస్’ అనండి. కనిష్ఠ, గరిష్ఠ ధరలు రెండూ చూపాలనుకుంటే రెండింటినీ కుడివైపే ఉంచండి, అవి రెండూ రూపాయలే కాబట్టి. యార్డుకు సెలవైన రోజున ధర గడి ఖాళీగా వదిలేయండి. సున్నా వేస్తే ఆ రోజు ఉల్లిని ఉచితంగా ఇచ్చినట్టు గీత కిందికి పడిపోతుంది.